వీసా లేకుండా విశాఖలో దిగినవాళ్ళు

విశాఖపట్నం చరిత్ర ఎవరు రాసినా దాదాపు ఒకే వరసలో రాస్తారు. ఒకప్పుడు జాలరి పల్లె, తర్వాత ఈస్టిండియా కంపెనీ వర్తకం, 1933లో రేవు, 1941లో షిప్‌యార్డుకి శంకుస్థాపన, 1957లో రిఫైనరీ, 1971లో స్టీల్ ప్లాంటుకి ఇందిరాగాంధీ వేసిన పునాదిరాయి, చివరాఖరికి ఋషికొండ మీద మన ఐటీ బిల్డింగులు. ఏ ఊరినుంచి ఎవరొచ్చి ఇక్కడ స్థిరపడ్డారో కూడా వివరంగానే రాస్తారు. కానీ ఒక రకం వలసదారుల సంగతి మాత్రం దాదాపు ఎవరూ ఎత్తరు. వీళ్ళు ఓడలో ఎక్కి రాలేదు, ఓడ అడుగున అంటుకుని వచ్చారు. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, స్టాంపింగ్ కోసం చెన్నై కాన్సులేట్ ముందు లైన్లో నిలబడింది అంతకన్నా లేదు. దిగారు, గోడ పట్టుకున్నారు, సంసారం మొదలెట్టేశారు.

బార్నకిల్స్ గురించీ, వాటి ఇరుగుపొరుగు గురించీ చెప్తున్నాను. ముందే ఒక మాట. నేను జువాలజీ చదవలేదు. ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత ఇంజనీరింగు, తర్వాత అందరిలాగే కోడు. మాది ఎలమంచిలి కాబట్టి సముద్రం మీద ఆసక్తి, పాత విషయాలు తవ్వే పిచ్చి, ఈ రెండూ కలిస్తే ఈ టపా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, టీ తెచ్చుకుని కూర్చోండి.

తెన్నేటి పార్కు కింద రాళ్ళమీద చెప్పుల్లేకుండా నడిచిన ప్రతివాడికీ బార్నకిల్‌తో అరికాలి పరిచయం ఉండే ఉంటుంది. తెల్లగానో బూడిద రంగులోనో, చిన్న అగ్నిపర్వతం బొమ్మలాగా ఉంటుంది. పైన చిన్న కన్నం, దానికి తలుపులు. మనం "రాయి గరుగ్గా ఉంది" అనుకుంటాం, కానీ ఆ గరుకంతా ప్రాణులే. మామూలుగా మనవాళ్ళు వీటినీ ఆల్చిప్పల్నీ కలిపి "గుల్ల" అనేస్తారు. నేను ఇక్కడ బార్నకిల్ అనే అంటాను, ఎందుకంటే ఇది ఆల్చిప్పకి చుట్టం కాదు. రొయ్యకీ పీతకీ చుట్టం. పైకి చూస్తే అస్సలు నమ్మబుద్ధి కాదు కదా? శాస్త్రవేత్తలూ చాలాకాలం నమ్మలేదు. నత్తలు, ఆల్చిప్పల గుంపులోనే పడేశారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ అనే ఆయన సముద్రంలో ఈదే చిన్న పురుగుల్లాంటి పిల్లల్ని పట్టి, అవి బార్నకిల్స్‌గా మారడం చూసి, ఇవి పీతల జాతివిరా బాబూ అని తేల్చాడు.

దీని బతుకు చాలా తమాషాగా ఉంటుంది. గుడ్డులోంచి బయటికొచ్చినప్పుడు నీళ్ళలో స్వేచ్ఛగా ఈదుతుంది. ఆరు దశలు దాటాక సిప్రిడ్ అనే దశకి వస్తుంది. సిప్రిడ్ తిండి తినదు. దానికి ఒకటే పని, ఇల్లు వెతుక్కోవడం. రాయి మీద దిగి, ముందున్న చిన్న మీసాలతో తడుముకుంటూ నడుస్తుంది. గరుగ్గా ఉందా, అలల తాకిడి ఎంత, అన్నిటికన్నా ముఖ్యంగా తన జాతివాళ్ళు ఇక్కడ ఉన్నారా అని చూస్తుంది. పెద్దవాటి ఒంటి నుంచి రాయికి అంటిన ప్రొటీన్లని బట్టి పసిగడుతుందట. డల్లాస్‌లో దిగిన మనవాడు ముందు తెలుగువాళ్ళున్న అపార్ట్‌మెంట్లు వెతికినట్టే అన్నమాట. నచ్చిందా, తల కిందకి పెట్టి సిమెంటు వదిలి అతుక్కుపోతుంది. ఇక జన్మలో కదలదు. చుట్టూ సున్నపు పలకలతో గోడ కట్టుకుని, కాళ్ళని బయటికి చాపి నీళ్ళలో కొట్టుకొచ్చే తిండిని వల వేసినట్టు పట్టుకుంటుంది. తలకిందులుగా నిలబడి కాళ్ళతో అన్నం తినడమే దాని జీవితం.

కదలలేని జీవికి తన జాతివాళ్ళ పక్కన ఉండడం సరదా కాదు, అవసరం. పిల్లలు పుట్టాలంటే పక్కింటివాడు అందేంత దూరంలో ఉండాలి. ఒంటి సైజుతో పోలిస్తే జంతువుల్లో అతి పొడవైన పురుషాంగం వీటిదే అని చదివినప్పుడు నేను కాసేపు మానిటర్ ఆపేసి నవ్వుకున్నాను. ఆఫీసులో చదవకండి.

ఈ జీవి మీద డార్విన్ ఎనిమిదేళ్ళు కూర్చున్నాడు. అవును, ఆ డార్వినే. 1846లో మొదలుపెట్టి 1854 దాకా. జీవపరిణామ సిద్ధాంతం సొరుగులో పెట్టుకుని, ప్రపంచం నలుమూలల నుంచి బార్నకిల్స్ తెప్పించుకుని, మైక్రోస్కోపు కింద కోస్తూ, నాలుగు సంపుటాలు రాశాడు. ఆయన పిల్లల్లో ఒకడు పొరుగింటాయన గురించి, "మరి ఆయన బార్నకిల్స్ ఎక్కడ చేసుకుంటాడు?" అని అడిగాడని ఒక కథ ఉంది. నాన్నలందరికీ అదే ఉద్యోగం అనుకున్నాడు పాపం. చివరికొచ్చేసరికి డార్విన్‌కి కూడా వాటి మీద అసహ్యం పుట్టిందట. ఎనిమిదేళ్ళు ఒకే మాడ్యూల్ మీద పనిచేసినవాళ్ళకి ఆయన బాధ అర్థమవుతుంది.

1854 సంపుటంలో డార్విన్ పేరుపెట్టి వర్ణించిన జాతుల్లో ఒకటి బలానస్ ఆంఫిట్రైట్. చిన్నది, గోడల మీద ఊదారంగు నిలువు చారలుంటాయి. 2004లో దాన్ని ఆంఫిబలానస్ ఆంఫిట్రైట్ అని మార్చారు (ఈ జువాలజీ వాళ్ళకి కూడా రీఫాక్టరింగ్ జబ్బు ఉంది). విశాఖ రేవులో పడవ అడుగుల మీదా, స్తంభాల మీదా కుప్పలు తెప్పలుగా కనపడే బార్నకిల్ ఇదే. ప్రపంచంలో వెచ్చని నీళ్ళున్న చాలా రేవుల్లో ఇదే ఉంటుంది. ఇంత విస్తరించిపోయాక దీని సొంత ఊరు ఏదో ఖాయంగా చెప్పడం కష్టం. ఓడలు తిరిగినచోటల్లా తిరిగింది, అంతే.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. తూర్పుతీరం మ్యాపు ఒకసారి తలుచుకోండి. కావేరి డెల్టా, కృష్ణా డెల్టా, గోదావరి డెల్టా, పైన మహానది డెల్టా. ఎక్కువ భాగం ఇసుక, బురద. గట్టి రాయి సముద్రంలోకి దిగే చోట్లు చాలా తక్కువ. విశాఖ చుట్టుపక్కల మాత్రం తూర్పు కనుమలు తీరం దాకా వచ్చి నీళ్ళలో కాళ్ళు పెడతాయి. డాల్ఫిన్స్ నోస్, యారాడ, అప్పికొండ, ఇటు జోడుగుళ్ళపాలెం, ఋషికొండ, మంగమారిపేట, భీమిలి. ఈ రాయిని ఖోండలైట్ అంటారు. మన ఏజెన్సీలోనూ ఒడిశాలోనూ ఉండే ఖోండుల పేరు మీద భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు అది. ఇసుక మీద అతుక్కోవడం బార్నకిల్‌కి కుదరదు. కాబట్టి నీళ్ళలో కొట్టుకుపోయే ఆ పిల్లలకి ఈ రాళ్ళ ముక్కలు ఎడారిలో ఊళ్ళలాంటివి. రాతి తీరాన్ని ఖాళీ జాగా అనుకుని రోడ్డు కోసమో గోడ కోసమో పూడ్చేసేవాళ్ళకి ఈ మ్యాపు చూపించాలనిపిస్తుంది నాకు.

ఒక రాయిని కింద నుంచి పైదాకా చూస్తే పట్టీలు పట్టీలుగా కనపడుతుంది. అన్నిటికన్నా పైన, అలల తుంపర మాత్రమే తగిలేచోట, పప్పుగింజంత నత్తలు. దాని కింద చిన్న బార్నకిల్స్, ఖ్థామలస్ అనే రకం. ఇంకా కింద పెద్ద బార్నకిల్స్, రాతికి అంటుకున్న ఆల్చిప్పలు. ఆ కింద, ఎప్పుడూ తడిగా ఉండేచోట నాచుమొక్కలు, పువ్వుల్లా విచ్చుకునే సీ ఎనిమోన్లు, పీతలు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి అంగుళానికీ ఎండలో ఎంతసేపు ఉండాలన్నది ఒక లెక్క. అపార్ట్‌మెంట్‌లో ఫ్లోర్ కేటాయించినట్టు ఉంటుంది.

ఈ ఫ్లోర్లు ఎవరు కేటాయిస్తారు? దీనికి సమాధానం స్కాట్లాండ్‌లో దొరికింది. జోసెఫ్ కానెల్ అనే అమెరికన్ మిల్‌పోర్ట్ అనే చోట రాళ్ళమీద రెండు రకాల బార్నకిల్స్‌ని గమనించాడు. పైన చిన్న ఖ్థామలస్, కింద బలానస్. చిన్నదానికి కింద బతకడం చేతకాదా, లేక బతకనివ్వట్లేదా? ఆయన చేసింది చాలా సింపుల్. రాయిలో సగభాగం మీద బలానస్‌ని గీకేసి, మిగతా సగం వదిలేసి, మళ్ళీ మళ్ళీ వచ్చి లెక్కపెట్టాడు. గీకిన సగంలో చిన్నది కింద కూడా హాయిగా బతికింది. గీకని సగంలో బలానస్ దాని మీదకి పెరిగి, పక్కనుంచి నొక్కి, కింద నుంచి పెకలించి చంపేసింది. అంటే పై హద్దుని ఎండ గీస్తుంది, కింది హద్దుని పొరుగువాడు గీస్తాడు. 1961లో ఈ పేపరు వచ్చింది, ఇప్పటికీ ఎకాలజీ పాఠాల్లో చెప్తారు. ఏ/బీ టెస్టింగ్ అని మనం గొప్పగా చెప్పుకునేది ఆయన ఒక గీకుడు చాకుతో చేశాడు.

ఇంకో అమెరికన్, రాబర్ట్ పెయిన్, 1963 నుంచి వాషింగ్టన్ రాష్ట్రం పసిఫిక్ తీరంలో ఒక రాతి ముక్క మీద స్టార్‌ఫిష్‌లని ఏరి దూరంగా విసిరేస్తూ వచ్చాడు. మిగతా జంతువులు సుఖపడతాయి అనుకుంటాం కదా. పదిహేను జాతులున్న చోట ఎనిమిది మిగిలాయి. స్టార్‌ఫిష్ తినకపోయేసరికి మస్సెల్స్ అనే ఆల్చిప్పలు రాయంతా ఆక్రమించేశాయి. 'కీస్టోన్' జాతి అన్న మాట ఆయన పెట్టిందే. సియాటెల్‌లో ఉండే మనవాళ్ళు ఓ శని ఆదివారం అటు వెళ్ళి రావచ్చు.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, ఒక కొత్త రాయి సముద్రంలో పెడితే ఏమవుతుందో అర్థం కావడానికి. విశాఖలో సరిగ్గా అదే జరిగింది. అతిపెద్ద స్థాయిలో.

1933కి ముందు విశాఖలో ఓడ గట్టుకి ఆనుకుని నిలబడే వీలు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే మసూలా పడవల్లో సరుకు తెచ్చేవాళ్ళు. జాలర్ల తెప్పల సంగతి మీకు తెలుసు. నాలుగు దుంగలు కట్టిన తెప్ప, వేట అయిపోగానే ఒడ్డుకి లాగి ఆరబెట్టేస్తారు. రోజూ ఎండే చెక్క మీద బార్నకిల్ పిల్ల అతుక్కున్నా పెద్దదయ్యేదాకా బతకదు. చెక్కని తొలిచేసే ఓడపురుగుకీ అంతే. ఆ అలవాటు ఎంత తెలివైందో నాకు ఇవన్నీ చదివాకే తట్టింది. ఏ రంగూ పూయకుండా, రూపాయి ఖర్చు లేకుండా సమస్య తేల్చేశారు.

తర్వాత మధ్యపరగణాల మాంగనీసు బయటికి పంపడానికి బ్రిటిష్ ప్రభుత్వానికి తూర్పుతీరంలో ఒక రేవు కావలసొచ్చింది. రాయ్‌పూర్ నుంచి విజయనగరం దాకా రైలు లైను వేశారు. డాల్ఫిన్స్ నోస్ వెనకాల ఉన్న ఉప్పుటేరు, దాని చుట్టూ ఉన్న చిత్తడి నేలని డ్రెడ్జర్లతో తవ్వి లోపలి రేవు చేశారు. తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుక రేవు ముఖద్వారాన్ని పూడ్చేయకుండా రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి అక్కడే ముంచేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు.

బార్నకిల్ కళ్ళతో చూడండి ఒకసారి. అప్పటిదాకా అలలు బాదే రాళ్ళు కొన్ని, మిగతాదంతా ఇసుక. హఠాత్తుగా అలలే లేని నిలకడ నీళ్ళు, ఎప్పుడూ తడిగా ఉండే గోడలు, స్తంభాలు, బోయాలు, వారాల తరబడి కదలకుండా నిలబడే ఓడలు. పైగా ప్రతి ఓడా ఇంకో దేశపు రేవు నుంచి కొత్తవాళ్ళని మోసుకొస్తుంది. 1948లో నెహ్రూ జల ఉష ఓడని నీళ్ళలోకి దింపే నాటికి, ఆ ఓడ కోసం ఎదురుచూస్తూ కోట్లకొద్దీ సిప్రిడ్లు రేవులో తిరుగుతూ ఉండి ఉంటాయి. ఓడ అడుగున బార్నకిల్స్ పడితే నీళ్ళ రాపిడి పెరుగుతుంది, వేగం పడిపోతుంది, ఇంధనం బోలెడు తగలబడుతుంది. ఓడల వాళ్ళకి ఇది ఈనాటి గొడవ కాదు. బ్రిటిష్ నౌకాదళం 1760ల నుంచే అడుగున రాగిరేకులు కొట్టించడం మొదలుపెట్టింది. తర్వాత తర్వాత విషపు రంగులు వచ్చాయి. వాటిలో ట్రైబ్యుటైల్ టిన్ అనేది ఎంత బాగా పనిచేసిందంటే, రేవుల్లో ఆడ నత్తలకి మగ అవయవాలు మొలవడం మొదలైంది. 2001లో దాని మీద అంతర్జాతీయ నిషేధం ఒప్పందం కుదిరి 2008లో అమల్లోకి వచ్చింది.

ఈ కథలో నాకు అందరికన్నా నచ్చేది వాల్తేరు వాళ్ళు. 1950లలో ఆంధ్రా యూనివర్సిటీ దగ్గర పెద్ద డబ్బు లేదు, సొంత పరిశోధన ఓడ లేదు. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త వచ్చి ఇక్కడివాళ్ళతో కలిసి బంగాళాఖాతాన్ని కొలవడం మొదలుపెట్టాడు. నౌకాదళం ఓడలు ఇచ్చి సహకరించింది. ఆ పని 1954లోనూ 1958లోనూ ఆంధ్రా యూనివర్సిటీ మెమోయిర్స్ ఇన్ ఓషనోగ్రఫీ అనే సంపుటాలుగా అచ్చయింది. జువాలజీలో ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి ఉన్నారు. ఆయనా, లక్ష్మణరావు, నాగభూషణం కలిసి విశాఖ రేవులో ఓడలకీ గోడలకీ ఏ జీవులు ఎప్పుడు పడతాయి అన్నది చూసి 1958 సంపుటంలో రాశారు. ఈ పని ఎలా చేస్తారంటే, పలకల్ని నీళ్ళలో వేలాడదీస్తారు. కొన్నాళ్ళకి తీసి, దేనిమీద ఏం పట్టిందో, ఎన్ని పట్టాయో కూర్చుని లెక్కపెడతారు. మళ్ళీ కొత్త పలక. ఇలా నెలల తరబడి. అలాగే బోటనీలో ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గార్లు విశాఖ రాళ్ళమీద నాచుమొక్కలు ఏ ఎత్తులో ఏ నెలలో ఉంటాయో చూసి 1964లో ఇంగ్లండ్ నుంచి వచ్చే జర్నల్ ఆఫ్ ఎకాలజీలో ప్రచురించారు.

వీళ్ళ పని విలువ తెలియాలంటే ఇక్కడి సముద్రం సంగతి ఒకటి తెలియాలి. బంగాళాఖాతంలో మన తీరాన రోజువారీ పోటుపాట్లే కాక ఏడాదిపొడుగునా మట్టం మారుతుంది. మార్చి, ఏప్రిల్‌లలో సముద్రం బాగా కిందకి ఉంటుంది, అక్టోబరు నవంబరులకి పైకి లేస్తుంది. ఆ వానల తర్వాతి నెలల్లోనే ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరిగి, గంగ, మహానది నీళ్ళన్నీ కలిసిన ఉప్పు తగ్గిన నీటిని మన దాకా తెస్తుంది. అంటే స్కాట్లాండ్ పుస్తకం తెచ్చి విశాఖ రాయి మీద పెడితే కుదరదు. ఇక్కడ రాతి మీద ఒకే చోట ఉన్న జీవికి వేసవిలో ఒక వాతావరణం, దీపావళికి ఇంకోటి. మన రాయిని మనమే చూడాలి. చూశారు వాళ్ళు.

అలా చూస్తూ ఉన్నారు కాబట్టే 1967లో దొంగ దొరికాడు. రేవులో ఒక చిన్న ఆల్చిప్ప, రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుందేమో, గుత్తులు గుత్తులుగా పట్టి కనిపించింది. ఇది ఇక్కడిది కాదు. గణపతి, లక్ష్మణరావు, వర్ఘీస్ గార్లు 1971లో కరెంట్ సైన్స్‌లో దాన్ని కాంజీరియా సాలీ అని గుర్తించి చిన్న పేపరు రాశారు. ఇప్పుడు దాన్ని మైటిలాప్సిస్ సాలీ అంటున్నారు. సొంతూరు గల్ఫ్ ఆఫ్ మెక్సికో, కరీబియన్ ప్రాంతం. అట్లాంటిక్ అవతలి జీవి వాల్తేరు కింద ఏం చేస్తోంది? ఓడ అడుగున అంటుకునో, ఓడ బరువుకోసం మోసే నీళ్ళలో పిల్లలుగానో వచ్చి ఉండాలి, వేరే దారి లేదు. భారతదేశంలో దీన్ని మొదట గుర్తించింది మన విశాఖలోనే. తర్వాత ముంబైలోనూ కనపడింది.

వాళ్ళ పేపరు రెండే పేజీలు. నాకు దాంట్లో గొప్పగా అనిపించేది ఏంటంటే, కొత్తది వచ్చిందని చెప్పాలంటే ముందు ఏమేం ఉన్నాయో తెలిసి ఉండాలి. 1958 లెక్క లేకపోతే 1967లో వచ్చినవాడు కొత్తవాడని ఎవరు చెప్పగలరు? "ఇవన్నీ ఎప్పట్నుంచో ఇక్కడే ఉన్నాయి సార్" అని ఊరుకునేవాళ్ళు. మన భాషలో చెప్పాలంటే వాళ్ళ దగ్గర బేస్‌లైన్ ఉంది, డిఫ్ తీయగలిగారు.

ఈ ఆల్చిప్ప తర్వాతి చరిత్ర చూడండి. 1999లో ఆస్ట్రేలియాలో డార్విన్ అనే ఊళ్ళో పడవలు నిలిపే మెరీనాలో ఇదే జాతి కనిపించింది. (ఊరి పేరు ఆ డార్విన్ మీదే పెట్టారు, మన కథకి ఎక్కడికెళ్ళినా ఆయనే తగులుతున్నాడు.) చూసీ చూడగానే ఆ మెరీనాలని మూసేశారు, పడవల్ని క్వారంటైన్ చేశారు, నీళ్ళలో క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోశారు. నీళ్ళలో ఉన్న మిగతా ప్రాణులన్నీ కూడా చచ్చాయి, అది వేరే సంగతి. కొన్ని వారాల్లో ఆ ఆల్చిప్పని పూర్తిగా తుడిచిపెట్టేశారు. సముద్రంలో వ్యాపించిన ఒక పరాయి జీవిని పూర్తిగా ఏరేయగలిగిన అరుదైన ఉదాహరణల్లో ఇదొకటి. అది ముత్యాల పరిశ్రమ ఉన్న తీరం, అందుకే అంత కంగారు. మన దగ్గర అంత హడావుడి ఏమీ జరగలేదు. ఆనాటికి అలాంటి ఆలోచనే ప్రపంచంలో ఎక్కడా లేదు కాబట్టి 1967 వాళ్ళని తప్పు పట్టలేం.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఆటో కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి దీని దాయాది బాగా తెలిసి ఉంటుంది. జీబ్రా మస్సెల్ అని, అదే కుటుంబం. 1988లో డెట్రాయిట్ పక్కన సెయింట్ క్లెయిర్ సరస్సులో బయటపడింది, అదీ ఓడల మోత నీళ్ళతోనే. మరుసటేడు మిషిగన్‌లోనే మన్రో అనే ఊరికి మంచినీళ్ళ పైపులు మూసుకుపోయాయి. అంతా అయ్యాక ఓడల మోత నీళ్ళ మీద అంతర్జాతీయ ఒప్పందం 2004లో రాసుకున్నారు, అది అమల్లోకి రావడానికి 2017 సెప్టెంబరు దాకా పట్టింది. ఈ వేగం చూసి నాకు ఆశ్చర్యం ఏమీ కలగలేదు, మా ప్రాజెక్టులో ఒక సెక్యూరిటీ ప్యాచ్ కూడా ఇదే పద్ధతిలో వెళ్తుంది.

ఈలోపు విశాఖ రేవు మారుతూనే ఉంది. రిఫైనరీ, 1967లో ఎరువుల ఫ్యాక్టరీ, తర్వాత జింకు ఫ్యాక్టరీ, వీటికి తోడు ఊరి మురుగు. లోపలి రేవుకి ఇవన్నీ వస్తాయి, నీళ్ళు బయటికి పోయే దారి మాత్రం ఒకటే ఇరుకు కాలువ. 1983లో ఎ.వి. రామన్, గణపతి గార్లు రేవు అడుగు బురదలో ఉండే పురుగుల్ని లెక్కపెట్టి, అవే కాలుష్యానికి కొలబద్ద అని చూపించారు. మురికిని తట్టుకునే ఒకటి రెండు జాతులు పెరిగిపోతే, మిగతావి కనపడకుండా పోతాయి. ఎంతో ఖరీదైన పరికరాలు చెప్పేది పురుగు ఊరికే చెప్తుంది. 1976లో ఔటర్ హార్బర్, 2009లో గంగవరం పోర్టు, ఇంకా ఇంకా కొత్త రాళ్ళు, కొత్త గోడలు.

ఇక మా ఎలమంచిలి వైపు. మా ఊళ్ళోంచి సముద్రం కనపడదు, కానీ దూరమేం కాదు. అచ్యుతాపురం మీదుగా పూడిమడక, ఇటు రాంబిల్లి, సీతపాలెం. శారద, వరాహ నదులు ఈ పక్కనే సముద్రంలో కలుస్తాయి. చాలావరకు ఇసుక, అక్కడక్కడా రాళ్ళు. ఇరవై ఏళ్ళలో ఈ తీరానికి జరిగింది చూస్తే 1933 నాటి విశాఖ గుర్తొస్తుంది. అచ్యుతాపురంలో సెజ్ వచ్చింది, మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి. సముద్రంలోకి వదిలే వ్యర్థజలాల మీద పూడిమడక మత్స్యకారులు ఆందోళనలు చేశారు. రాంబిల్లి దగ్గర నౌకాదళం కొత్త స్థావరం కడుతున్నట్టు ఏళ్ళ తరబడి పేపర్లలో వస్తోంది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖ వచ్చినప్పుడు పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ ప్రాజెక్టుకీ, నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకీ శంకుస్థాపన చేశారు. ఇవి వద్దు అనడం నా ఉద్దేశం కాదు. మా ఊరి కుర్రాళ్ళకి ఉద్యోగాలు కావాలి, నాకు తెలుసు. హైదరాబాదులో కూర్చుని "ప్రకృతి, ప్రకృతి" అనే హక్కు నాకు ఏపాటిదో కూడా తెలుసు.

నా గొడవల్లా ఒకటే. పర్యావరణ నివేదిక అని ఒకటి ప్రతి ప్రాజెక్టుకీ రాస్తారు. అలాంటివి కొన్ని తెరిచి చూశాను. సముద్ర జీవుల అధ్యాయం అంటే సాధారణంగా ఒక జాతుల పట్టిక. కొద్ది రోజుల నమూనాలతో చేసిన పట్టిక. ఏ రాయి మీద, ఏ ఎత్తులో, ఏ నెలలో, చదరపు అడుగుకి ఎన్ని అన్నది నేను చూసినవాటిలో కనపడలేదు. మట్టమే ఏడాదిలో అంత మారే చోట ఒక వారం కొలిచి ఇదే తీరం అంటే ఎలా? సర్వర్ మీద ఆదివారం తెల్లవారుజామున లోడు చూసి కెపాసిటీ ప్లానింగ్ చేసినట్టుంటుంది. రేపు రాంబిల్లిలో కొత్త గోడల మీద ఏదో కొత్త గుల్ల పట్టి, అది పక్కన జాలర్ల వలలకి, పడవలకి, ఏటి ముఖంలోని ఆల్చిప్పలకి ఎసరు పెడితే, అది ఎప్పుడు వచ్చింది అని అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గర ఏముంటుంది? విశాఖకి ఆ అదృష్టం ఉంది, పక్కనే వాల్తేరు ఉంది. మాకు పక్కన ఎవరున్నారు?

నిజానికి ఈ లెక్కకి పెద్ద చదువు అక్కర్లేదు. పీవీసీ పైపుతో అరమీటరు చదరం చేసి, రాయి మీద పెట్టి, ఫోటో తీసి, తేదీ, చోటు, నీటి మట్టం రాసుకోవడం. మళ్ళీ వచ్చే నెల అదే రాయి. గుర్తుకి రాతి మీద చిన్న రంగు చుక్క. జాతి పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, ఫోటో ఉంటే తెలిసినవాళ్ళు తర్వాత చెప్తారు. ఈ కాలంలో విశాఖలో కొంతమంది ఔత్సాహికులు జనాన్ని పాటు వేళ రాళ్ళమీదకి తీసుకెళ్ళి ఈ జీవుల్ని చూపిస్తున్నారు. చాలా సంతోషం. అది ఎలమంచిలి వైపు కూడా రావాలని నా కోరిక.

రాళ్ళ మీదకి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. మా తీరం చూడ్డానికి ఎంత బాగుంటుందో అంత మోసం. 2022 జూలైలో పూడిమడకలో స్నానానికి దిగిన ఇంజనీరింగ్ విద్యార్థులు అలలకి కొట్టుకుపోయారు. నాచు పట్టిన రాయి సబ్బులా జారుతుంది. పోటుపాట్ల పట్టిక చూసుకోకుండా, ఆ ఊరి జాలరి పెద్దల్ని ఒక మాట అడక్కుండా దిగొద్దు. ఆయన "ఈ రోజు వద్దు బాబూ" అంటే వెనక్కి వచ్చేయండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అమావాస్య, పున్నమి దగ్గర పడ్డ రోజులైతే నీళ్ళు బాగా వెనక్కి పోయి కింది పట్టీలు కూడా బయటపడతాయి.

మీలో ఎవరి దగ్గరైనా 1958 మెమోయిర్స్ సంపుటం గానీ, దాని స్కాన్ గానీ ఉందా? నాకు వేరే పేపర్లలో దాని గురించిన ప్రస్తావనలే దొరికాయి, అసలుది దొరకలేదు. మీ నాన్నగారో, తాతగారో, మేడమో, మాస్టారో ఆ రోజుల్లో వాల్తేరులో జువాలజీ, బోటనీ చదివి ఉంటే అటక మీద ఒకసారి చూడమనండి. పలకలు రేవులో సరిగ్గా ఎక్కడెక్కడ వేలాడదీశారో ఆ మ్యాపు దొరికితే చాలు. ఉంటే కింద వ్యాఖ్యలో రాయండి, వచ్చి స్కాన్ చేసి పుస్తకం మళ్ళీ ఇంటికి తెచ్చిస్తాను. ఈలోపు మార్చిలో సీతపాలెం వెళ్ళడానికి ఇద్దరం తయారుగా ఉన్నాం, బైకు మీద మూడో మనిషికి చోటు లేదు గానీ కారున్నవాళ్ళెవరైనా వస్తే ఇంకో నలుగురం వెళ్ళొచ్చు.